ఎక్కడికీ పోని బస్తీ

ఛత్రినాకలో రాజమణి మాటంటే మాటే. ఆమె గొంతెత్తితే పాలు అమ్ముకునే బాలనర్సింహ బర్రెలు కూడా నెమరు వేయడం ఆపి వింటాయని బస్తీలో ఎగతాళి. మాదన్నపేట కూరగాయల మార్కెట్లో బేరాల మధ్య పెరిగిన గొంతు మరి, మెత్తగా ఎట్లా ఉంటుంది? మొగుడు పోయాక ఆ గొంతే ఆమెకు ఆసరా.

పోయినసారి రోడ్డు వెడల్పు చేస్తామని కొలతలవాళ్లు వచ్చినప్పుడు మాత్రం ఆమె గొంతు పెంచలేదు. మర్యాదగా చాయ్ పోసి, అడిగినవన్నీ చెప్పి, దగ్గరుండి కొలిపించింది. ఆ చాయ్‌కి బహుమానంగా ఇంటి ముందుగది కూలిపోయింది. ఇప్పుడు గడప దాటితే రోడ్డే. మిగిలింది ఒక్క గదీ, వెనకాల ఇరుకు వంటిల్లూ.

అందుకే ఈ ఏడాది మెడలో కార్డులు వేసుకుని కొత్తవాళ్లు సర్వేకి వస్తున్నారనగానే రాజమణి ఇల్లిల్లూ తిరిగింది. "ఏడికి పోతరని అడుగుతరంట. ఏడికీ పోమని చెప్పుర్రి. బస్సెక్కుతరా అంటే ఎక్కమనుర్రి. మన ముచ్చట వాళ్లకెందుకు?"

బస్తీకి బస్తీ ఒక్క మాట మీద నిలబడింది. రోజూ పొద్దున బస్సు మెట్ల మీద వేలాడేవాళ్లంతా ఇల్లు కదలని మహారాజులైపోయారు. బాలనర్సింహ అయితే, "నేనే గాదు, నా బర్రెలు గూడ ఏడికీ పోవు" అన్నాడు. సర్వే చేసే పిల్ల స్రవ్య, పాపం, అదీ రాసుకుంది.

తర్వాత కమ్యూనిటీ హాల్లో మీటింగ్ పెట్టి గోడకు దారులు గీసిన నక్షా తగిలించారు. అప్పుడు తెలిసింది, ఆ సర్వే ఇళ్లు కూలగొట్టడానికి కాదు, రోడ్డు మీద నడిచే చిన్న రైలు కోసమని. రైలు ఛత్రినాక మీదుగానే మాదాపూర్ దాకా పోతుంది. కానీ ఆగదు. "ఇక్కడ ఎక్కేవాళ్లు లేరమ్మా. మీరే చెప్పారు కదా" అన్నాడు సర్వేవాళ్ల పెద్దసారు.

రాజమణి కూతురు స్వీటీ మాదాపూర్‌లో ఒక ఆసుపత్రి కౌంటర్లో పనిచేస్తుంది. పోవడానికి రెండు బస్సులు, ఒక ఆటో. ఇంకోసారి ఆలస్యమైతే రావద్దని పైవాళ్లు చెప్పేశారు. ఆ పిల్ల జీతం మీదే ఇల్లు నడుస్తోంది. ఎంత పని చేసింది తను! బిడ్డ దారికి తన చేతులతోనే అడ్డం కొట్టింది. ఇంకొకతె అయితే కొంగు నోటికి అడ్డం పెట్టుకుని కూర్చునేది. రాజమణి లేచి నిలబడింది.

"అబద్ధం చెప్పినం సార్. నేనే చెప్పిచ్చిన. కానీ తప్పు నా ఒక్కదానిదే గాదు. నిజం చెప్తే నా ముందటి అర్ర పోయింది. మళ్ల నిజమెట్ల చెప్త? ఇంకోపారి అడుగుర్రి. అడిగేదాక ఈ నక్షా గోడ దిగదు."

అని పోయి నక్షా కిందనే చతికిలబడింది. పక్కన బాలనర్సింహ కూర్చున్నాడు, అతని వెనక బస్తీ అంతా. పెద్దసారు బతిమాలాడు, కసిరాడు, చివరికి సరేనన్నాడు.

స్రవ్య మళ్లీ వచ్చింది. మొదటి ఇల్లు రాజమణిదే. పెన్ను తీసి, అటూ ఇటూ చూసి, గొంతు తగ్గించింది. "ఆంటీ, ఒక్క మాట. స్టేషన్ వస్తే ఈ వరసలోనే కడతారు. మీ ఇల్లు పోవచ్చు. మీరు మొన్నటిలాగే చెప్తే అలాగే రాసుకుని పోతాను."

రాజమణి వెనక్కి తిరిగి ఆ ఒక్క గదినీ చూసింది. అప్పుడే డ్యూటీ నుంచి వచ్చిన స్వీటీ చెప్పులైనా విప్పకుండా మంచానికి అడ్డంగా పడి నిద్రపోతోంది. తల్లి వచ్చి గడప మీద కూర్చుంది.

"ఇల్లు ఊకె ఇయ్య బిడ్డా. గీ బస్తీలనే ఇంకో ఇల్లు ఇచ్చినంకనే గోడ ముట్టాలె. లేకుంటే గునపం ముంగట నేనే కూసుంట. గా మాట గూడ రాస్కో. ఇగ అడుగు."

"మీరు ఎక్కడికి పోతారు ఆంటీ?"

"మస్తు దూరం పోతం" అంది రాజమణి. "రాస్కో."