చింపిన పేజీల కథ

థిర్జా ఆస్పిన్ నలభై ఎనిమిదేళ్లు ఇంగ్లండులోని బర్న్‌లీ బట్టల మిల్లుల్లో మగ్గాలు నడిపింది. ఆ చాకిరీ పూర్తిగా నెత్తిన పడ్డది పన్నెండో ఏట, ఒక పరీక్ష పాసైనందుకు. ఎక్కడైనా పాసైన పిల్లను పై తరగతిలో వేస్తారు. మా ల్యాంకషైర్‌లో అప్పట్లో బడి మాన్పించి మిల్లుకు తోలేవారు.

అప్పటిదాకా ఆమె సగంపూట పిల్ల. ఒక వారం పొద్దున్న మిల్లు, మధ్యాహ్నం బడి. మరుసటి వారం అటుదిటు. మగ్గాల కింద దూరి దూదిపీచు ఊడ్చి, ఆ పీచు జుట్టులో ఉండగానే బడికొచ్చేది. తోటిపిల్లలు బల్లల మీద కునికిపాట్లు పడుతుంటే తాను కళ్లు నులుముకుంటూ చదివేది. బడుల ఇన్‌స్పెక్టరు పెట్టే పరీక్షలో నెగ్గితే ఇక రోజంతా మిల్లే. తప్పితే ఇంకో ఏడాది బడి.

"ఎలాగైనా గట్టెక్కవే తల్లీ," అంది వాళ్లమ్మ, రొట్టె మీద పందికొవ్వు రాస్తూ. నాలుగు మగ్గాలు ఒంటిచేత్తో లాగే మనిషి. "నా నడుం పడిపోతోంది. నువ్వు పక్కనుంటే కాస్త ఊపిరాడుద్ది."

అమ్మ మీద జాలి లేక కాదు. కానీ బడి పోతే ఆ పిల్లకు మిగిలేదేముంది? తప్పాలనే నిశ్చయించుకుంది. చదవడంలో తడబడితే చాలు. సంగతి కెర్షా టీచరమ్మ పసిగట్టింది. జుట్టులో పీచు ఏరి లోపలికి పంపింది.

ఇన్‌స్పెక్టరు తన సంచిలోంచి పాఠాల పుస్తకం తీసి, ఒకచోట తెరిచి ఇచ్చాడు. మంచులో ఇరుక్కున్న ఓడ కథ. బడిలో ఉన్న ఇదే పుస్తకం పాత ప్రతిలో ఆ కథ చివరి నాలుగు పేజీలూ ఎవరో ఎప్పుడో చింపేశారు. సాయం కోసం మంచు మీద ఒంటరిగా నడిచిపోయిన వంటవాడు ఏమయ్యాడో ఎవరికీ తెలియదు. ఏడాదిగా థిర్జా మగ్గాల కింద అతని గురించే ఆలోచిస్తోంది.

మొదటి మాట దగ్గర తడబడింది. రెండో మాట దగ్గరా తడబడింది. మూడో వాక్యంలో వంటవాడు కనబడ్డాడు.

"ఇక చాలమ్మా," అన్నాడు ఇన్‌స్పెక్టరు కాసేపటికి. ఆ పిల్లకు వినబడితేగా. పేజీలు తిప్పి కడదాకా గడగడా చదివేసింది. ఇంత బాగా చదివిన పిల్లను ఈ ఏడు చూళ్లేదంటూ ఆయన పాసు రాసేశాడు.

"ఎంత పని చేశావే," అంది కెర్షా టీచరమ్మ బయట.

"ఆ పేజీలు మన పుస్తకంలో లేవు కదండీ."

టీచరమ్మ కళ్లు తుడుచుకుంది. "బతికాడా మరి?"

"బతికాడండీ."

సోమవారం ఆరింటికల్లా థిర్జా అమ్మ పక్కన నిలబడింది. ఆ మోతలో మాట వినబడదు. నేతకత్తెలు పెదవులు కదిపే మాట్లాడుకుంటారు.

"మెచ్చుకున్నాడటగా దొర," అన్నాయి అమ్మ పెదవులు. "అంత బాగా ఏం చదివావే?"

థిర్జా నూలు అయిపోయిన కండె తీసి కొత్తది పెట్టింది. అమ్మ వైపు తిరిగి, గొంతు లేకుండా, ఓడ మంచులో ఇరుక్కున్న దగ్గర్నుంచి మొదలుపెట్టింది.