నాయనమ్మ గదికి కేబుల్ వైరు

మా ఇంటికి కేబుల్ కనెక్షన్ వచ్చిన ఆరు నెలలకే నాయనమ్మ స్నానాల గది దగ్గర జారిపడి కాలు విరగ్గొట్టుకుంది. దవాఖానలో కట్టు కట్టి, మూడు నెలలు మంచం దిగొద్దన్నారు. అప్పుడు మేము శంషాబాద్ దగ్గర సాతంరాయిలో, బెంగళూరు రోడ్డుకు రెండు సందులు లోపల ఉండేవాళ్ళం. ముందొక గది, మధ్యలో పైకప్పు లేని వాకిలి, వాకిలి అవతల వంటిల్లు, దాని పక్కన వెనుక గది. స్నానాల గదికి దగ్గరని నాయనమ్మ మంచం వెనుక గదిలో వేశారు. టీవీ మాత్రం ముందు గదిలోనే ఉండిపోయింది.

సాయంత్రం ఆరున్నరకు వచ్చే సీరియల్ కోసం నాయనమ్మ అంతకుముందు ఆరింటికే వచ్చి కూచునేది. అందులో ఒక అమాయకపు కోడలు, ఒక గయ్యాళి అత్త. అత్త కనిపించగానే నాయనమ్మ టీవీని తిట్టేది. ఇప్పుడు వెనుక గదిలోకి సీరియల్ పాట ఒక్కటే వినిపించేది. మాటలన్నీ రోడ్డు మీది లారీల మోతలో కలిసిపోయేవి. అందుకని సీరియల్ అయిపోగానే నేను వెళ్ళి మంచం పక్కన కూచుని కథంతా చెప్పాలి. నేనప్పుడు పాలిటెక్నిక్‌లో ఎలక్ట్రానిక్స్ మొదటి సంవత్సరం.

మొదటి వారం ఉన్నది ఉన్నట్టే చెప్పాను. కానీ ఆ సీరియల్ నత్త కంటే నెమ్మది.

"ఏమైందే ఇయ్యాల?"

"కోడలికి ఉత్తరం వచ్చింది నాయనమ్మా."

"ఏం రాసిండ్రట?"

"ఇంకా విప్పలె."

"మొన్న గూడ విప్పలె అంటివి. గంతేనా?"

రోజంతా పైకప్పు చూస్తూ పడుకున్న మనిషి ముఖం ఆ 'గంతేనా' అన్నప్పుడు చిన్నబోయిన తీరు చూడలేకపోయాను. మర్నాడు కథ చెప్పేటప్పుడు ఆ ఉత్తరం నేనే విప్పేశాను. మిలిటరీలో ఉన్న అన్న చెల్లెలిని చూడ్డానికి వస్తున్నాడని రాయించాను. నాయనమ్మ దిండు మీద లేచి కూచున్నంత పని చేసింది. ఇక నాకు హుషారు పుట్టింది. అన్న వచ్చాడు, అత్తను నిలదీశాడు, అత్త అన్నం మానేసింది. టీవీలో ఏం జరుగుతోందో నేను సరిగా చూడడం కూడా మానేశాను.

బుధవారం సాయంత్రాలు మా చర్చి ఆడవాళ్ళు నలుగురు ప్రార్థనకు వచ్చేవారు. ఒక బుధవారం నాయనమ్మ వాళ్ళతో అంది: "ఒక కోడలున్నది. అత్త మస్తు సతాయిస్తున్నది. జర ఆ బిడ్డ కోసం ప్రార్థన చేయిండ్రి." ఆ కోడలు టీవీలోదని ఆమె చెప్పలేదు. పక్కనే ఉన్న నేనూ నోరు మెదపలేదు. వాళ్ళు కళ్ళు మూసుకుని, కన్నీళ్ళు పెట్టుకుని ప్రార్థించారు. అంత ప్రార్థన జరిగాక అత్తను అలాగే వదిలేస్తే బాగుండదనిపించింది. ఆ వారంలోనే అత్త మనసు మార్చేశాను. కోడలి భుజం మీద తల పెట్టి ఏడిపించాను. నాయనమ్మ కూడా ఏడ్చింది. తర్వాతి బుధవారం, ప్రార్థన ఆలకించిన దేవునికి స్తోత్రమని సాక్ష్యం చెప్పింది.

అప్పుడే మా నాన్నకు, బాపు అంటాం, ఒక ఆలోచన వచ్చింది.

"అమ్మకు పొద్దు పోతలేదు. టీవీ వెనక గదిలకు మారుద్దాం. వైరు పొడుగు చేస్తే అయిపాయె. నువ్వు గదే చదువుతున్నవ్ గద?"

టీవీ వెనుక గదిలోకి వస్తే నా కథలన్నీ బయటపడతాయి. "దూరమైతే సిగ్నల్ తగ్గుతది బాపూ" అన్నాను. "వాకిట్లకెల్లి వైరు పోతే వానకు ఖరాబైతది" అన్నాను. కాటేదాన్ ఫ్యాక్టరీలో పని చేసే బాపుకు ఇలాంటి సాకులు రోజూ వినపడేవే. మర్నాడు డ్యూటీ నుంచి వస్తూ శంషాబాద్‌లో కేబుల్ వైరు చుట్ట కొని, స్కూటర్ హ్యాండిల్‌కు తగిలించుకుని వచ్చాడు.

ఆదివారం చర్చి నుంచి వచ్చాక పని మొదలుపెట్టాం. పాత వైరు చివర, కొత్త వైరు చివర చెక్కి, రెండూ కలిపి మెలిపెట్టి, గట్టిగా టేపు చుట్టాను. కరెంటు వైర్లు అలాగే కలుపుతారు మరి. టీవీ మోసుకెళ్ళి వెనుక గదిలో పెట్టి ఆన్ చేస్తే తెర నిండా చుక్కలు.

"ఏందే ఇది, చీమల పుట్ట లెక్కున్నది?" అన్నాడు బాపు.

కావాలని చేశానని మీరనుకోవచ్చు. కాదు, నిజంగానే నాకు రాదు. సిగ్గుతో పాటు ప్రాణం కొంచెం కుదుటపడిన మాట మాత్రం నిజం.

బాపు పిలిస్తే, మర్నాడు సాయంత్రం మాకు కనెక్షన్ ఇచ్చిన కేబుల్ అన్న వచ్చాడు. టేపు విప్పి చూసి, "గిది ఎవరు చేసిండ్రు?" అన్నాడు.

"మా బిడ్డ. ఎలక్ట్రానిక్స్ చదువుతున్నది" అన్నాడు బాపు గర్వంగా.

ఆయన నవ్వలేదు. ఆ మంచితనం నాకిప్పటికీ గుర్తే. "ఇది కరెంటు వైరు కాదమ్మా, మెలిపెడితే నడ్వది. లోపటి రాగి తీగకు పైనున్న సన్న తీగల జాలి తాకిందంటే బొమ్మ పాయె" అని, ఒక చివర తనే చెక్కాడు. జాలిని వెనక్కి మడిచి, రాగి తీగను నిటారుగా ఉంచి, ఇత్తడి కనెక్టర్ బిగించాడు. రెండో చివర, కత్తి నా చేతికిచ్చి, "ఇగ నువ్వు చెయ్" అన్నాడు. చేశాను. రెండు చివరలనూ చిన్న ఇత్తడి జాయింటుతో కలిపి, వైరును చూరు వెంట మేకులతో బిగించాం. కిటికీ దగ్గర దాన్ని కాస్త కిందికి వేలాడదీసి, మళ్ళీ పైకి తిప్పి లోపలికి తీశాడు. అలా అయితే వాన నీళ్ళు వైరు వెంట గదిలోకి రావట. టీవీ పెడితే బొమ్మ అద్దంలా వచ్చింది. నా చేత్తో బిగించిన కనెక్టర్! సీరియల్ సంగతే మరిచిపోయి సంబరపడ్డాను.

ఆరున్నరయింది. తెర మీద అత్త కోడలి సంచీ వీధిలోకి విసిరేసింది.

నాయనమ్మ టీవీ వంక చూసింది, నా వంక చూసింది. "ఈమె మంచిగైంది గద?"

"మళ్ల మారినట్టున్నది."

కోడలు గుమ్మం బయట కూలబడి కొంగు ముడి విప్పింది. అందులో ఒక కవరు. అంటించింది అంటించినట్టే ఉంది.

"గా ఉత్తరమేందే?"

ఇక తప్పలేదు. మొత్తం చెప్పేశాను. తిడుతుందనుకున్నాను. ఆమె తిట్టలేదు. "దేవుని పేరు మీద సాక్ష్యం చెప్పిన గద పిల్లా" అని గోడ వైపు తిరిగింది. రెండు రోజులు నా చేతి చాయ్ ముట్టలేదు. నాయనమ్మ నాతో మాట్లాడకుండా ఉండడం అదే మొదటిసారి. వాకిట్లోకి వెళ్ళి దొంగచాటుగా ఏడ్చాను.

బుధవారం ఆడవాళ్ళు వచ్చి కూచోగానే నాయనమ్మ నన్ను పిలిచి, "నువ్వే చెప్పు" అంది. నేల చూస్తూ చెప్పాను. వాళ్ళలో పెద్దావిడ అడిగింది: "అయితే మేం ప్రార్థన చేసిన కోడలు టీవీల ఆమెనా?"

నాయనమ్మ తల దించుకుంది. "నేను గూడ చెప్పలె. తప్పు నాది గూడ ఉన్నది. అయినా బాధ బాధే కదనుకున్న."

"అయ్యో అక్కా!" అంది పెద్దావిడ. "ఆ వారమంత మా ఇంట్ల పొద్దుగాల ప్రార్థనల గూడ ఆమెను తలుచుకున్నం. గా ఇల్లు ఏడున్నదో కనుక్కో, ఒక బస్తా బియ్యం పంపుదామన్నడు మా ఆయన!"

ముందు ఎవరు నవ్వారో తెలియదు. నలుగురూ కొంగులు అడ్డం పెట్టుకుని ఊగిపోయారు. నాయనమ్మ తొడ పట్టుకుని, "నవ్వియ్యకుండ్రే, కాలు గుంజుతున్నది" అంటూనే అందరికంటే ఎక్కువ నవ్వింది. వాళ్ళు వెళ్ళాక చాయ్ తెమ్మంది.

మూడు నెలలకు కట్టు విప్పారు. నాయనమ్మ కర్ర పట్టుకుని వాకిలి దాటి ముందు గదిలోకి నడిచొచ్చిన రోజు బాపు సంతోషం పట్టలేక, "ఇగ టీవీ మళ్ల ముందట పెడదామా అమ్మా?" అన్నాడు.

"అంత కష్టపడి గుంజిన వైరు, మళ్ల తెంపుతరా?" అంది నాయనమ్మ. "ఉండనియ్యి."

ఆ రోజు నుంచి మేమే కంచాలు పట్టుకుని వెనుక గదికి వెళ్ళి, ఆమె మంచం చుట్టూ కూచుని టీవీ చూస్తూ అన్నాలు తిన్నాం.