పొట్టేలు కూల్చిన పాక

ఆ రోజుల్లో నాకు తెలియనిదొకటి ఉందని ఒప్పుకోవడం కంటే సూర్యాపేట నుంచి కోదాడ దాకా నడిచి వెళ్లడం తేలికనిపించేది. ఇరవై రెండేళ్ల వయసు, కోదాడలో ఓ చిన్న ప్రైవేటు బడిలో ఇంగ్లీషు టీచరు ఉద్యోగం. (చీర కుచ్చిళ్లు అమ్మ పెట్టేది, గర్వం మాత్రం నా సొంతం.) తొమ్మిదో తరగతిలో మేం లాయరమ్మ అని పిలిచే పిల్ల ఉండేది. ఓ రోజు పాఠంలో 'ర్యామ్‌షాకిల్' అనే మాట వచ్చింది. కూలడానికి సిద్ధంగా ఉన్న ఇల్లో, బండో అని చెప్పాను. అంతటితో వదిలితే లాయరమ్మ ఎందుకవుతుంది?

"గా మాట ఎట్ల పుట్టింది మేడం?"

"ర్యామ్ అంటే పొట్టేలు, షాకిల్ అంటే సంకెల. పొట్టేలును పాక గుంజకు కట్టేస్తే, అది గుంజి గుంజి పాకనే కూలగొట్టింది" అన్నాను తడుముకోకుండా. క్లాసంతా చప్పట్లు.

నెల తిరక్కుండానే లాయరమ్మ మిర్యాలగూడలో ఉపన్యాసపోటీకి ఎంపికైంది. అంశం, 'నాకు నచ్చిన ఇంగ్లీషు మాట'; ఆమె ఎంచుకున్నది మా 'ర్యామ్‌షాకిల్'నే. ఆమె పెద్దసారుతో పొద్దుటి బస్సులో వెళ్లిపోయాక నాకు అనుమానం పట్టుకుని, స్టాఫ్‌రూములో లావుపాటి నిఘంటువు తీశాను. అందులో పొట్టేలూ లేదు, పాకా లేదు. ఇల్లు సోదా చేసి దోచుకోవడమనే పాత మాట నుంచి పుట్టిందట. అంటే దొంగలు పడి చిందరవందర చేసిన ఇల్లన్నమాట! పెద్దసారు ఫోను స్విచాఫ్. తప్పు నాది, నా నోటితోనే దిద్దాలనుకుని సెలవుచీటీ బల్లమీద పెట్టి బస్సెక్కాను. నా అవస్థ చూసి కండక్టరు, "డ్రైవరన్నా, జర జల్ది పోనియ్యి, మేడం పరేషాన్‌ల ఉన్నది" అని కేకేశాడు.

నేను చేరేసరికి లాయరమ్మ వంతు రావడానికి ఇంకా ఇద్దరున్నారు. ఆమెను వరండాలోకి లాక్కెళ్లాను.

"బిడ్డా, నేను చెప్పింది తప్పు. గా కథ నేనే అల్లిన."

ఆమె నన్ను ఎగాదిగా చూసింది. "గిది చెప్పనీకే గింత దూరం వచ్చిన్రా మేడం? సరే, అసలుది చెప్పున్రి."

మూడుసార్లు అప్పజెప్పించాను. వేదికెక్కి ఇంగ్లీషులో బాగానే మొదలుపెట్టి, మధ్యలో తెలుగులోకి దిగి రెండు కథలూ చెప్పేసింది. "తప్పని తెల్వంగనే మా మేడం కోదాడ నుంచి ఉరికొచ్చింది" అంటూ వేలెత్తి నన్ను చూపించింది. హాలంతా నవ్వు, ఆ తర్వాత చప్పట్లు. పెద్దసారు మాత్రం నవ్వలేదు. బహుమతి ఇంకెవరికో వెళ్లింది.

ఇప్పుడు పిల్లలేం అడిగినా "తెల్వదు, చూసి చెప్తా" అనడం నాకు అలవాటైపోయింది. చెమటలు కక్కుతూ ఆ వరండాలో నిలబడ్డ టీచరమ్మ ఇవాళ ఎదురైతే, తిట్టాలో మెచ్చుకోవాలో తెలియక, పక్కన కూర్చోబెట్టుకుని రేగిన జుట్టు సవరిస్తానేమో.