పిన్ని పాట, బాబాయి మెట్లు

బడి నన్ను తొమ్మిదో తరగతి దాకా భరించి, ఇక నావల్ల కాదని వదిలేసింది. అయినా మనుషుల కథలు చెప్పడంలో నాకు సాటి వచ్చేవాడు మా చుట్టుపక్కల నాలుగు పేటల్లో లేడు. నమ్మకపోతే మా బాబాయి సంగతి వినండి.

బాబాయి కుట్టుమిషన్లు బాగుచేస్తాడు. ముందు విప్పడు, వింటాడు. "బాబిన్ కింద దారంముక్క ఇరుక్కుంది" అంటాడు. ఇరుక్కునే ఉంటుంది. వీధి చివర ఎవరో మిషన్ తొక్కుతుంటే, ఇంట్లో అన్నం తింటూ సూది వంకరపోయిందని చెప్పిన చెవి అది. అలాంటి చెవి ఇచ్చిన దేవుడే మా పిన్నినీ ఇచ్చాడు.

పిన్ని బడిపిల్లల యూనిఫారాలు కుడుతూ పాడుతుంది. కుట్టు తిన్నగా పోతుంది, పాట పోదు. ఆమె మొదటిసారి చర్చిలో హల్లెలూయ ఎత్తుకున్న ఆదివారం, కప్పులోని నూట నలభై పావురాలు మూటాముల్లె సర్దుకున్నాయి. నేనే లెక్కపెట్టాను. హార్మోనియం బాబాయిది. పిన్ని ఒక శ్రుతిలో మొదలెట్టి రెండో చరణానికి ఇంకో శ్రుతికి కాపురం మార్చేస్తే, ఆయన వేళ్లు తప్పిపోయిన మేక వెంట కాపరిలా మెట్ల మీద పరుగెత్తేవి. "ఆమె గొంతూ అంతే, ఆయన వేళ్లూ అంతే, దొందూ దొందే" అనుకునేవాళ్లం.

ఈస్టరుకు ముందు వచ్చే నలభై రోజుల శ్రమకాలంలో, మొదటి ఆదివారం మా చర్చిలో ఒక ఆనవాయితీ ఉంది. ఒక్కొక్కరూ మైకు దగ్గరికొచ్చి, దేవుడి కోసం ఏం వదిలేస్తారో చెప్పాలి. టీచరమ్మ పంచదార వదిలేసేది. ఆ మాట డాక్టరు ముందే చెప్పి ఉన్నాడనుకోండి. నేను సిగరెట్లు వదిలేసేవాణ్ణి, రోజుకు నాలుగుసార్లు. బాబాయి మాత్రం లేచి, "నేనింకా ఆలోచించుకోలేదండీ" అని కూర్చునేవాడు. ముప్ఫై ఏళ్లుగా అదే మాట. ముప్ఫై ఏళ్లుగా అదే నవ్వు.

ఆ ఏడు పిన్ని మైకు పట్టుకుంది. "నాకు అన్నిటికన్నా ఇష్టమైంది పాట. నలభై రోజులు పాడను" అని కళ్లు తుడుచుకుంది.

"ఆమేన్!" అంది చర్చంతా. అంత గట్టి ఆమేన్ నేను పుట్టాక వినలేదు.

మరుసటి ఆదివారం బాబాయి వాయించాడు. తేనె కారిందంటే నమ్మండి. పావురాలు పిల్లాపాపలతో తిరిగొచ్చాయి. "ఈయన ఇంత విద్య ఎక్కడ దాచాడే!" అని టీచరమ్మ బుగ్గలు నొక్కుకుంది. ఊళ్లో పెద్ద చర్చివాళ్లు వచ్చి విని, ఈస్టరుకు తమ దగ్గర వాయించమని అడిగారు. పాస్టరుగారు పిన్ని దగ్గరికెళ్లి, "అమ్మా, మీ త్యాగంతో సంఘానికి ఎంత మేలు జరిగిందో! దీన్ని ఈస్టరుతో ఆపేయడం ఎందుకు?" అన్నారు.

పిన్ని వెర్రిది కాదు. ఆ సాయంత్రం మిషన్ ఆపి, నేనక్కడే ఉన్నానని కూడా చూడకుండా అడిగింది.

"ఏవండీ, నిజం చెప్పండి. నా పాట అంత ఘోరంగా ఉంటుందా?"

బాబాయి నూనెడబ్బా కింద పెట్టాడు. "నువ్వు పాడకపోతే ఎటు వాయించాలో నాకే తెలియట్లేదే."

"మరి అందరూ మెచ్చుకుంటున్నారుగా?"

"వాళ్ల చెవులకేం తెలుసు? ఈస్టరుకు నువ్వే ఎత్తుకో."

"పెద్ద చర్చికి వెళ్లరా?"

"రానని చెప్పేశాను."

అబద్ధమాడకూడదని బైబిలు వాక్యం. ఆ చెవి పెట్టుకుని, రెప్ప వాల్చకుండా ఆడేశాడు మహానుభావుడు.

ఈస్టరునాడు పిన్ని ఎత్తుకుంది. నలభై రోజులు మూతపెట్టి ఉంచిన గొంతాయె! మూడో చరణానికి బాబాయి చొక్కా తడిసిపోయింది. పావురాలు మళ్లీ వలసపోయాయి. నా వెనక బల్లలో టీచరమ్మ నిట్టూర్చింది. "అయ్యో, మళ్లీ మొదటికొచ్చాడు. పొగిడి చెడగొట్టాం."

పిన్ని మొహం మాత్రం దీపంలా ఉంది.

మరుసటి ఏడు శ్రమకాలంలో మళ్లీ ఆయన వంతు వచ్చింది. "నేనింకా ఆలోచించుకోలేదండీ" అన్నాడు. అందరూ నవ్వారు. నేను నవ్వలేకపోయాను.

"ఏదో ఒకటి వదిలేయరాదూ, పరువు పోతోంది" అని పిన్ని గొణిగింది.

"చూద్దాంలే" అన్నాడు బాబాయి, హార్మోనియం తిత్తి తెరుస్తూ. "ముందు పాట ఎత్తుకో."