పాటలో మొగుడు

“ఇంతకీ ఈళ్లిద్దరిలో ఎవుడి పెళ్లానివే నువ్వు?” అని అప్పలస్వామి సరళను అడిగాడు. అరకులో ఒక రిసార్టుకు మేనేజరతను, అనకాపల్లి వైపు మనిషి. మంట చుట్టూ కూర్చున్న టూరిస్టుల ముందు సరళ అప్పటిదాకా సుక్రును మొగుడా అని పిలుస్తూ పాడింది. పాట అయ్యాక ఆమె, కీబోర్డు వాయించే ఉదయ్ వెనక బండెక్కి వెళ్లబోతోంది.

“పాటలో ఈడికి, ఇంట్లో ఆడికి,” అంది సరళ.

పక్కనున్నవాళ్లు నవ్వారు. ఆమె నవ్వలేదు.

నాలుగేళ్ల కిందట సుక్రూ సరళా నిజంగానే మొగుడూ పెళ్లాలు. అతను జీపు తోలేవాడు, ఆమె చర్చిలో పాడేది. కాఫీ తోటలో ఫోనుతో తీసిన మొదటి పాటలో మొగుడు సంతకు రమ్మంటాడు. పెళ్లాం వాడి తాగుడు, చిరుగు చొక్కా, వాళ్లమ్మ నోరు అన్నీ ఏకరువు పెడుతుంది. థింసా ఆట దరువు కింద ఉదయ్ కీబోర్డు బీటు కలిపాడు. నెల తిరక్కుండా లక్షల మంది చూశారు. పాడేరు నుంచి సీతంపేట దాకా పెళ్లిళ్లకు, ఎన్నికల సభలకు పిలుపులొచ్చాయి. బ్యానర్ మీద ఎప్పుడూ ఒకటే పేరు: సుక్రు–సరళ జోడీ. తిట్లు పాటకోసం పుట్టినవని జనం అనుకున్నారు. సుక్రు వచ్చిన డబ్బు వచ్చినట్టే తాగేవాడు, అడిగితే చెయ్యి చేసుకునేవాడు. రెండేళ్లు చూసి సరళ ఉదయ్ ఇంటికి వెళ్లిపోయింది.

వాళ్ల ఊళ్లో అది కొంపలు మునిగే విషయం కాదు. పెళ్లయిన ఆడది ఇంకొకడి దగ్గరికి వెళితే కొత్త మొగుడు పాత మొగుడికి తప్పు సొమ్ము కడతాడు. పెద్దలు లెక్క తేల్చి, జీలుగు కల్లు తాగి లేస్తారు. దీన్ని గిరిజన స్త్రీ స్వేచ్ఛ అని సెమినార్లలో మురిసిపోయేవాళ్లున్నారు. ఆ లెక్క తేల్చేటప్పుడు సరళను ఎవరూ ఒక్క మాట అడగలేదన్నది వాళ్లకు పట్టదు. ఊరిపెద్ద మంగ్లు నలభై వేలు, ఒక మేక అన్నాడు. ఉదయ్ మేకనూ ఇరవై అయిదు వేలనూ ఇచ్చాడు. మిగతాది ముట్టేదాకా సరళ తనతో పాడాల్సిందేనని సుక్రు పట్టుబట్టాడు. పెద్దలు సరేనన్నారు. సరళా కాదనలేదు, పిలుపులు జోడీకే వస్తున్నాయి, ఉదయ్‌కి వేరే పని లేదు.

అలా ఏడాదిన్నర గడిచింది. పాట అదే, తిట్లు మాత్రం కొత్తవి. “లేచిపోయిన గుంట” అని సుక్రు కలిపి పాడితే జనం ఈలలు వేసేవారు. ఉదయ్ తల దించుకుని మీటలు నొక్కేవాడు. అప్పలస్వామి ఆ ప్రశ్న వేసింది అప్పుడే. ఆ తర్వాతే సరళ తన వాటాలోంచి దాయడం మొదలుపెట్టింది.

మొన్న వేసవిలో పదిహేను వేలూ కొంగున కట్టుకొచ్చి, మంగ్లు ఇంటి ముందుకు సుక్రును పిలిపించింది.

“ఇంద, నీ డబ్బు. బేగి తీసుకో.”

సుక్రు నోట్ల వైపు చూడలేదు. “నానడిగినానేటి? నీ కాడే ఉండనీ.”

“తీసుకుంటే ఏటవుద్ది నీకు?”

“తీసుకుంటే నువ్వు పాడవు కదే.”

సరళ మంగ్లు వైపు తిరిగింది. ఇవ్వనివాడి చేత ఇప్పించడం తెలుసుగానీ, పుచ్చుకోనివాడి చేత పట్టించడం తన తాతలు కూడా ఎరగరన్నాడు ముసలాయన. మరి నేను పాడాలా వద్దా అని ఆమె అడిగింది. బాకీ తీరలేదు కదా అన్నాడాయన.

సరళ పాడటం మానేసింది. మాట తప్పిన ఇల్లని ఊళ్లో ఉదయ్‌ని పెళ్లిళ్లకు పిలవడం లేదు. సుక్రు వేరే అమ్మాయిని తెచ్చుకుని రెండు చోట్ల పాడాడు. రెండు చోట్లా జనం అసలు పెళ్లాం ఏదని అరిచి దింపేశారు. ఒక్కదాన్నే పాడతానని సరళ రిసార్టుకు వెళితే, తిట్టించుకోడానికి ఎదురుగా మొగుడు లేకుండా టూరిస్టులు ఏం చూస్తారని అప్పలస్వామి తిప్పి పంపాడు. ఇప్పుడామె వాళ్లమ్మ తోటలో కాఫీ పండ్లు కోస్తోంది. పక్క వరసలో ఎవరైనా ఆ పాట ఎత్తుకుంటే బుట్ట తీసుకుని దూరంగా వెళ్తుంది.

డబ్బు ఆమె ట్రంకు పెట్టెలో ఉంది. ఊరి లెక్క ప్రకారం ఉదయ్ సుక్రుకు ఇంకా పదిహేను వేలు బాకీ.