పత్తి అర్ర

కన్నతల్లి మా అవ్వ మీద ఒట్టేసి చెబుతున్నాను, ఇందులో ప్రతి మాటా నిజం. నా సంగతి తెలిసిన రేగొండ వాళ్లు నవ్వుతారు. నవ్వనివ్వండి.

మా తమ్ముడికి రక్త క్యాన్సర్. హైదరాబాద్ దవాఖానలో నా రక్తంలోంచి మూలకణాలు తీసి వాడికి ఎక్కించారు. ఇంటికి పంపేటప్పుడు డాక్టరమ్మ నన్ను పక్కకు పిలిచింది. రోగాన్ని ఆపే బలం వాడి ఒంట్లో ఇంకా పుట్టలేదని, జనానికీ దుమ్ముకూ దూరంగా ఉంచాలని, జ్వరం వంద దాటితే మాత్ర వేసి చూడకుండా ఆ గంటలోనే బయలుదేరాలని చెప్పింది.

మా దగ్గర రోగం నుంచి లేచినవాణ్ణి పలకరించకపోతే తప్పు. బత్తాయిలు పట్టుకుని వాడకట్టంతా వస్తుంది, తల నిమిరి పోతుంది. అందుకని ఒక కథ కట్టాను. వాడి మీద ఎవరు తుమ్మితే వాళ్ల వెంట్రుకలు సాయంత్రానికల్లా రాలిపోతాయని, దవాఖాన వాచ్‌మన్ గుండు నా కళ్లతో చూశానని చెప్పాను. నమ్మారో లేదో గానీ, వాకిట్లోకి ఒక్కరూ రాలేదు.

తమ్ముడు మాస్కు వెనక నవ్వాడు. "నీ రక్తమే ఎక్కిచ్చిరి గదనే అన్నా, ఇగ నేను గూడ గిట్లనే కోతలు కోస్తనేమో."

మనుషులను ఆపాను. వాడికి వేరే గది కావాలి. ధర కోసం నెలల తరబడి పత్తి పోసి ఉంచిన అర్ర అప్పుడే ఖాళీ అయింది. ఇంట్లో తలుపు బిగుతుగా మూసుకునేది అదొక్కటే. అవ్వ పొడి చీపురుతో ఊడ్చి మంచం వేసింది. పత్తి ఆనిన చోట గోడకు నల్లటి బూజు పట్టి ఉంది. దాని మీద క్యాలెండర్ తగిలించింది నేనే.

ఐదో రోజు పొడి దగ్గు మొదలైంది. ఏడో రోజు పొద్దున జ్వరం వంద దాటింది. ఆ గంటలోనే కారు మాట్లాడి బయలుదేరాం. జనగామ వచ్చేసరికి వాడు మాట్లాడటం మానేసి, నోరు తెరిచి ఊపిరి పీల్చుకుంటున్నాడు.

దవాఖానలో చూసి, ఊపిరితిత్తుల్లోకి బూజు చేరిందన్నారు. ఇప్పుడు అద్దం తలుపు అవతల ఉన్నాడు.

ఇప్పుడు మీకు చెప్పినదాంట్లో నేను కల్పించింది ఒక్కటే. ఆ గంటలో బయలుదేరలేదు. పొద్దున నూటొకటి చూశాను. "ఎంతున్నది బిడ్డా, పోదామా?" అని అవ్వ అడిగింది. బూజును కప్పిన క్యాలెండర్ వైపు చూస్తూ, "తొంబై తొమ్మిదే అవ్వా," అన్నాను. కారు ఎక్కింది మరునాడు.

జ్వరం ఎప్పుడొచ్చిందని డాక్టరమ్మ అడిగితే, పైన మీకు చెప్పినట్టే చెప్పాను. రేగొండలో ఇన్నేళ్లుగా నా మాట ఎవరూ నమ్మలేదు. ఆమె మాత్రం తలదించుకుని కాగితం మీద రాసుకుంది.