ఎంట్రోపీ పేజీలో మూడో చేతిరాత

ఎనభైల మొదట్లో, న్యూజెర్సీలో బస్సెక్కి పరీక్షకి వెళ్తున్నాను. అది పోతే స్కాలర్‌షిప్ పోతుంది. ఒళ్ళో ఉన్న ఫిజిక్స్ పుస్తకం పాత పుస్తకాల షాపులో కొన్నది, వయసులో నాకంటే పెద్దది. బస్సు కుదుపుకి అది జారి నా కాలి మీద పడింది. గబుక్కున తీసి కళ్ళకద్దుకున్నాను.

పక్క సీట్లో ఉన్న అమెరికన్ పెద్దావిడ అది చూసి, "బైబిలా?" అన్నారు.

"కాదండీ, ఫిజిక్స్. పుస్తకానికి కాలు తగిలితే మేం ఇలా చేస్తాం."

ఆవిడ ముచ్చటపడి పుస్తకం అడిగి తీసుకున్నారు. నేను చీటీ పెట్టుకున్న ఎంట్రోపీ పేజీ తెరిచారు. ఎంత చదివినా నా బుర్రకెక్కని పేజీ అది. దాని అంచున ఎవరో వెలిసిపోయిన సిరాతో "అర్థం కాలేదు" అని రాసుకున్నారు. ఆ కిందే ఇంకెవరో పెన్సిల్‌తో "నాకూ అంతే" అని రాశారు.

"హనీ, పెన్నుందా?"

ఇచ్చాను. ఏదో రాసి, పుస్తకం మూసి, నాలాగే కళ్ళకద్దుకోబోయారు. కళ్ళజోడు అడ్డొచ్చింది. అది తీసి మరీ అద్దుకుని, పుస్తకం నా చేతికిచ్చి తన స్టాపులో దిగిపోయారు.

అప్పుడు తెరిచి చూశాను.

"జీవితమంతా ఈ పాఠం చెప్పాను. నాకూ అంతే."

నేను నవ్వుకుంటూ పరీక్ష హాల్లోకి వెళ్ళింది ఆ ఒక్కసారే.